జడ్జి జెండా మడత పెట్టి సంచిలో పెట్టుకున్నాడు

హై నూన్ (1952) ని చాలామంది కౌబాయ్ సినిమా అనుకుని తుపాకుల ఫైటు కోసం చూస్తారు, నిజానికి ఆ ఫైటు చివర్లో కాసేపే ఉంటుంది. మిగతా సినిమా అంతా ఒక మనిషి ఊళ్ళో గడప గడపకీ తిరిగి నాతో ఎవరొస్తారు అని అడగడమే. విల్ కేన్ అని ఒక మార్షల్, అంటే ఆ ఊరికి పోలీసు అన్నమాట, గ్యారీ కూపర్ వేశాడు. ఆ రోజు పొద్దున్నే పెళ్ళయింది, ఉద్యోగం వదిలేసి కొత్త పెళ్ళాంతో వెళ్ళిపోతున్నాడు, ఇంతలో కబురొస్తుంది, తను పట్టుకుని జైలుకి పంపిన ఫ్రాంక్ మిల్లర్ బయటికొచ్చాడు, మధ్యాహ్నం పన్నెండింటి రైలుకి దిగుతున్నాడు అని. మిల్లర్ ఒకప్పుడు ఆ ఊరిని గుప్పిట్లో పెట్టుకున్నవాడు. వాడి మనుషులు ముగ్గురు అప్పటికే స్టేషన్లో కూర్చుని ఉన్నారు.

ఈమధ్య నేను పదే పదే వెనక్కి తిప్పి చూస్తున్నది జడ్జి సీను. కేన్ లోపలికి వచ్చేసరికి జడ్జి సామాను సర్దుకుంటూ ఉంటాడు. మిల్లర్ కి శిక్ష వేసింది ఆయనే, కాబట్టి ఆయనకి భయం ఉంది, అర్థం చేసుకోవచ్చు. సర్దుకుంటూనే కేన్ కి చరిత్ర పాఠం చెప్తాడు. క్రీస్తు పూర్వం ఐదో శతాబ్దంలో ఏథెన్స్ జనం ఒక నియంత చేతిలో నానా బాధలు పడి చివరికి వాణ్ణి దించి దేశం నుంచి తరిమేశారు, కొన్నేళ్ళకి వాడు కిరాయి సైన్యంతో తిరిగొస్తే అదే జనం కోట తలుపులు తీశారు, చట్టబద్ధంగా ఏర్పడిన ప్రభుత్వంలో వాళ్ళని వాడు చంపిస్తుంటే నిలబడి చూశారు అంటాడు. ఇది చెప్తూ గోడకున్న అమెరికా జెండా తీసి మడత పెడతాడు, న్యాయానికి గుర్తుగా పెట్టుకున్న త్రాసు తీసేస్తాడు, లా పుస్తకాలు సంచిలో వేసుకుంటాడు. నేను చాలా ఊళ్ళలో జడ్జిగా చేశాను, మళ్ళీ జడ్జిగా చెయ్యడానికి బతికుండాలి అని గుర్రమెక్కి పోతాడు.

ఆయన మూర్ఖుడు కాదు చూడండి, ఊళ్ళో అందరికన్నా చదువుకున్నవాడు, ఏం జరగబోతోందో అందరికన్నా ముందు అర్థమైంది ఆయనకే. చరిత్ర తెలిస్తే తప్పులు రిపీట్ అవ్వవు అని మనం స్కూలు నుంచీ వింటూ వచ్చాం కదా, ఈ సీనులో చరిత్ర బాగా తెలిసిన మనిషి ఆ తెలివిని త్వరగా పారిపోవడానికి వాడుకుంటాడు.

తర్వాత చర్చి సీను. కేన్ వెళ్ళి మనుషులు కావాలని అడుగుతాడు, కొందరు లేస్తారు కూడా, అంతలో ఇంకొకడు అడ్డుపడతాడు, పిల్లల్ని బయటికి పంపించి చర్చ పెడతారు, అందరూ మాట్లాడతారు, ప్రతి మాటలోనూ కొంచెం నిజం ఉంటుంది. ఆఖర్న ఊరి పెద్ద లేచి కేన్ ఎంత మంచివాడో, ఊరికి ఎంత చేశాడో చెప్తాడు, వింటుంటే ఇంక అందరూ తుపాకులు తీసుకుని బయల్దేరతారేమో అనిపిస్తుంది. అప్పుడు అంటాడు, ఉత్తరాదిన డబ్బున్న వాళ్ళు మన ఊరి గురించి ఆలోచిస్తున్నారు, షాపులు పెడతారు, ఫ్యాక్టరీలు కడతారు, ఇప్పుడు వీధుల్లో కాల్పులు జరిగాయని పేపర్లో పడితే వాళ్ళు రారు, కాబట్టి నువ్వే వెళ్ళిపో, అది నీకూ మంచిది మాకూ మంచిది అని. పెట్టుబడులు వెనక్కి పోతాయి అనే మాట 1952 సినిమాలో వినేసరికి నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే ఏ దేశం వార్త చూసినా ఆ వాదనే వింటున్నాం కదా, మనిషి గట్టివాడు, కాస్త దురుసు, కానీ రోడ్లేస్తున్నాడు, కంపెనీలు తెస్తున్నాడు, నువ్వెందుకు మధ్యలో గొడవ చేస్తావు అని.

ఇది రాసిన కార్ల్ ఫోర్‌మన్ కి ఈ మాటలు ఎక్కడ్నుంచో ఊడిపడలేదు. స్క్రిప్టు రాస్తుండగానే కమ్యూనిస్టులని ఏరిపారేస్తామని బయల్దేరిన అమెరికా ప్రతినిధుల సభ కమిటీ (దాన్ని అందరూ హ్యూవాక్ అనేవాళ్ళు) ఆయనకి సమన్లు పంపింది, 1951 సెప్టెంబరులో వెళ్ళి వాళ్ళ ముందు కూర్చున్నాడు, తనకి తెలిసిన కమ్యూనిస్టులెవరో పేర్లు చెప్పనన్నాడు. ఆ నెలల్లో స్నేహితులు ఫోన్లెత్తడం మానేశారు, కంపెనీలో పార్ట్‌నరే డబ్బిచ్చి పక్కకి తప్పించాడు. నేను హాలీవుడ్లో విన్న మాటలే దాదాపుగా ఆ ఊరి జనం నోట పెట్టాను అని తర్వాత చెప్పుకున్నాడు. సినిమా రిలీజయ్యే నాటికి ఆయన లండన్ వెళ్ళిపోయాడు. ఆయన్ని దేశం నుంచి తరమడంలో నా చెయ్యి ఉన్నందుకు నాకేం బాధ లేదు అని కౌబాయ్ హీరో జాన్ వేన్ ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఇంటర్వ్యూలో చెప్పాడు. డైరెక్టర్ ఫ్రెడ్ జిన్నెమన్ వియన్నాలో పెరిగిన యూదుడు, అమ్మానాన్నలిద్దరూ నాజీల చేతుల్లో పోయారు. ఊరి జనం తలుపులేసుకోవడం అనేది వాళ్ళిద్దరికీ కథ కాదు.

మొన్న వీడియో కాల్లో మా నాన్నతో ఈ ఫోర్‌మన్ గురించి చెప్తున్నా. నాన్న ఎవరో తెలియదన్నారు. మెకన్నాస్ గోల్డ్ రాసి తీసింది ఆయనే నాన్నా అన్నా. ఒక్కసారి లేచి కూర్చున్నారు! విజయవాడలో కాలేజీ రోజుల్లో ఎగబడి చూశారట, ఆ కొండ విరిగిపడే సీను ఇప్పటికీ చేతులు తిప్పుతూ చెప్తారు, గన్స్ ఆఫ్ నవరోన్ కూడా ఆయనదే అంటే ఇంకా ఆశ్చర్యపోయారు. మన మోసగాళ్ళకు మోసగాడు (1971) మీద కూడా ఆ మెకన్నాస్ గోల్డ్ ప్రభావం ఉందనేది తెలుగు సినిమా అభిమానులందరికీ తెలిసిన సంగతే. "అంత పెద్దాయన్ని వెళ్ళగొట్టారా అమ్మా, ఎందుకు, ఏం చేశాడు?" అని అడిగారు నాన్న. పేర్లు చెప్పలేదు నాన్నా, అంతే అన్నా. లండన్లో ఉండగా ఫోర్‌మన్ రాసిన బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్ (1957) స్క్రిప్టుని ఇంకో బ్లాక్‌లిస్టు రచయిత (అంటే కమ్యూనిస్టు అనే ముద్రేసి హాలీవుడ్ పని ఇవ్వడం మానేసినవాడు) మైకేల్ విల్సన్ తర్వాత తిరగరాశాడు, తెర మీద వాళ్ళ పేర్లు వెయ్యడానికి వీల్లేదు, ఆస్కార్ మాత్రం అసలు ఇంగ్లీషులో రాయని ఫ్రెంచి నవలాకారుడి పేరు మీద వచ్చింది. వాళ్ళిద్దరూ పోయాక గానీ అకాడమీ తప్పు దిద్దుకోలేదు.

ఈ సినిమా గురించి నాకు బాగా నచ్చిన సంగతి పోలండ్ ది. 1989 జూన్ 4న అక్కడ ఎన్నికలు, కమ్యూనిస్టు పాలన కింద మొట్టమొదటిసారి కొన్ని సీట్లకైనా నిజమైన పోటీ, ప్రభుత్వానికి ఎదురు నిలిచిన కార్మిక సంఘం సాలిడారిటీ వాళ్ళు వేసిన పోస్టర్లో గ్యారీ కూపర్ నడిచొస్తూ ఉంటాడు. తొమాష్ సార్నెత్స్కి అనే కుర్రాడు డిజైన్ చేశాడు. కూపర్ చేతిలో తుపాకీ బదులు బ్యాలెట్ కాగితం, మార్షల్ బ్యాడ్జి పైన సాలిడారిటీ గుర్తు. అమెరికాలో కమ్యూనిస్టు అని తరిమేసిన మనిషి రాసిన పాత్ర కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దించడానికి గోడలెక్కింది. అంటే ఆ కథ ఏ జెండాదీ కాదు, ఎవరు గుప్పిట్లో పెట్టుకుంటే వాళ్ళకి ఎదురు తిరుగుతుంది, అందుకే నాకు దాని మీద అంత నమ్మకం.

మేముండేది న్యూజెర్సీలో. ఈ పోస్టు రాస్తానంటే మా ఆయన వద్దన్నారు, కోపంగా కాదు, భయంగా. గ్రీన్ కార్డు లైన్లో ఉన్నాం, పిల్లలు చిన్నవాళ్ళు, ఇప్పుడు నీకెందుకు ఇవన్నీ అన్నారు. ఆయన భయం నాకు అర్థమవుతుంది, కానీ ఆ భయం గురించే కదా రాయాల్సింది. మా పిన్ని కొడుకు ఇక్కడే మాస్టర్స్ చేస్తున్నాడు, బంగారం లాంటి పిల్లాడు, పోయినేడాది ఒక రాత్రి ఫోన్ చేసి, "అక్కా, నీ పోస్టులకి లైకులు కొట్టాను కదా, అన్నీ తీసేశా, ఏమనుకోకు" అన్నాడు. నేనేమంటాను, పర్లేదు నాన్నా అన్నా. అప్పటికి ఏం జరుగుతోందంటే, 2025 మార్చిలో టఫ్ట్స్ యూనివర్సిటీలో చదివే టర్కీ అమ్మాయి రుమేసా ఓజ్‌టుర్క్ ని మాస్కులేసుకున్న ఏజెంట్లు వీధిలో పట్టుకుపోయారు, ఆ వీడియో అందరం చూశాం, ఆమె చేసిందల్లా స్టూడెంట్ పేపర్లో ఇంకో ముగ్గురితో కలిసి ఒక వ్యాసం రాయడం. ఆరు వారాలు లూసియానాలో నిర్బంధంలో ఉంచాక జడ్జి వదలమన్నాడు. ఏప్రిల్లో వేలమంది విద్యార్థుల వీసా రికార్డులు చెప్పాపెట్టకుండా రద్దయ్యాయి, మనవాళ్ళూ ఉన్నారు అందులో, కొందరికి పాత ట్రాఫిక్ టికెట్ తప్ప ఏమీ లేదు, కోర్టులకెక్కితే నెలాఖరుకి వెనక్కి ఇచ్చారు. జూన్లో ఇంకో రూలు, స్టూడెంట్ వీసాకి అప్లై చేసేవాళ్ళు సోషల్ మీడియా అకౌంట్లు పబ్లిక్ లో పెట్టాలి అని.

మా తమ్ముణ్ణి ఎవరూ ఏమీ అనలేదు, ఒక్క నోటీసు రాలేదు, వాడి లైకులు ఎవరైనా చూశారో లేదో కూడా తెలియదు. వాడంతట వాడే కూర్చుని రాత్రి రెండింటి దాకా ఒక్కొక్కటి తీసేశాడు. వాళ్ళ రూమ్మేట్లూ అంతే, తెలుగు స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో కూడా అదే సలహా, ఏమీ పెట్టొద్దు, ఏమీ షేర్ చెయ్యొద్దు, తలొంచుకుని చదువుకోండి. నియంతృత్వం అంటే బూట్ల చప్పుడు, లాఠీలు అనుకుంటాం, అది చాలా తర్వాత సంగతి. ముందు మనుషులు వాళ్ళంతట వాళ్ళే సర్దుకుంటారు, ఎవరూ అడక్కముందే. ఒక్కణ్ణి వీధిలో పట్టుకుంటే పదివేలమంది ఇళ్ళలో కూర్చుని డిలీట్ నొక్కుతారు, ప్రభుత్వానికి అంతకన్నా సులువైన పని ఏముంది.

ఈ సర్దుకోవడాన్ని నేను చూసినవాటిలో అన్నిటికన్నా బాగా పట్టుకున్న సినిమా ద మోర్టల్ స్టార్మ్ (1940). ఫ్రాంక్ బోర్జేగీ డైరెక్షన్, జేమ్స్ స్టివార్ట్, మార్గరెట్ సల్లవన్. దీని గురించి మనవాళ్ళలో ఎక్కువమంది విని ఉండరు, తప్పకుండా చూడండి. జర్మనీలో కొండల కింద ఒక యూనివర్సిటీ ఊరు, ప్రొఫెసర్ రోత్ అరవయ్యో పుట్టినరోజు. పొద్దున క్లాసుకి వెళ్తే స్టూడెంట్లందరూ నిలబడి పాట పాడతారు, తోటి మాస్టార్లు పొగుడుతారు, ఆయన కళ్ళు చెమ్మగిల్లుతాయి. రాత్రి ఇంట్లో భోజనాలు, పెద్ద బల్ల చుట్టూ భార్య, కూతురు, భార్యకి మొదటి పెళ్ళి కొడుకులిద్దరు, కూతుర్ని చేసుకోబోయేవాడు, చిన్న కొడుకు, కేకు. ఆ తేదీ 1933 జనవరి 30. పనమ్మాయి పరిగెత్తుకొచ్చి రేడియోలో చెప్పారు, హిట్లర్ ని చాన్సలర్ చేశారు అంటుంది. అంతే, కుర్రాళ్ళు ముగ్గురూ బల్ల మీద నుంచి లేచి రేడియో దగ్గరికి ఉరుకుతారు, మొహాలు వెలిగిపోతుంటాయి. కేకు దగ్గర ఆ పెద్దాయన అలాగే కూర్చుని ఉంటాడు. ఆయన యూదుడు. వాళ్ళు ఆయన్ని నాన్నా అనే పిలుస్తారు, ప్రేమ నిజమే, నటన కాదు. కానీ తమ సంతోషం ఆయనకి ఏమవుతుందో అనే ఆలోచన వాళ్ళకి ఆ క్షణంలో రానే రాదు. ఫ్యామిలీ గ్రూపుల్లో ఎన్నికల ఫలితాల రోజు ఇలాంటివి మనం చూడలేదా? మనింట్లోనే ఒకళ్ళకి దెబ్బ తగిలే వార్తకి మనింట్లోనే ఇంకొకళ్ళు టపాసులు పేల్చిన రోజులు లేవా?

కొన్నాళ్ళకి క్లాసులో ఒక స్టూడెంటు రక్తం గురించి అడుగుతాడు, జాతుల రక్తంలో తేడా లేదా అని. ఆయన సైన్సు మాస్టారు, తేడా లేదు అని ఉన్నదున్నట్టు చెప్తాడు. యూనిఫాం వేసుకున్న కుర్రాళ్ళు లేచి బయటికి పోతారు, పుట్టినరోజుకి పాట పాడిన కుర్రాళ్ళే. ఇంక ఆయన క్లాసుకి ఎవరూ రారు. తర్వాత క్యాంపు, భార్యకి కొద్ది నిమిషాలు చూపిస్తారు, ఆ తర్వాత చావు కబురు. ఆయన జీవితాంతం రాసుకున్న పుస్తకం రాతప్రతి కూతురు సరిహద్దు దాటిద్దామని పెట్టెలో పెట్టుకుంటే రైల్లో సోదా చేసి దించేస్తారు. బాంబు కాదు, బంగారం కాదు, కాగితాల కట్ట.

ఆ భార్య వచ్చి చూసి వెళ్ళే సీను దగ్గర నాకు జి.ఎన్. సాయిబాబా గారు గుర్తొచ్చారు. రెండూ ఒకటే అని నేననను, దేశం వేరు, చట్టం వేరు, సాయిబాబా గారికి కోర్టు అనేది ఒకటి ఉంది. కానీ అమలాపురం నుంచి వెళ్ళి ఢిల్లీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే మాస్టారు, చక్రాల కుర్చీలో ఉండే మనిషి, మావోయిస్టులతో సంబంధాలున్నాయనే కేసులో 2014లో అరెస్టయ్యారు, 2017లో యావజ్జీవం వేశారు, 2020లో తల్లి చనిపోతుంటే చూడ్డానికి పెరోల్ ఇవ్వలేదు, 2022లో బాంబే హైకోర్టు నిర్దోషి అంటే మర్నాడే సుప్రీంకోర్టు దాన్ని ఆపింది, 2024 మార్చిలో హైకోర్టు మళ్ళీ నిర్దోషి అంది. అదే ఏడు అక్టోబరులో హైదరాబాద్ నిమ్స్ లో పోయారు. నిర్దోషిగా ఆయన బయట బతికింది ఏడు నెలలు. ఆయన రాజకీయాలు మీకు నచ్చాయా నాకు నచ్చాయా అనేది ఇక్కడ ప్రశ్నే కాదు. ఆ పదేళ్ళలో మనం, అంటే చదువుకున్న తెలుగువాళ్ళం, ఎంతమందిమి గట్టిగా మాట్లాడాం? మాస్టారి క్లాసు ఖాళీ అవ్వడానికి స్టూడెంట్లందరూ నాజీలు అవ్వక్కర్లేదు, మిగతావాళ్ళు ఆ రోజు రాకపోతే చాలు.

మోర్టల్ స్టార్మ్ లో ఇంకో సంగతి ఉంది, అది సినిమా లోపలిది కాదు బయటిది. అంత ధైర్యంగా తీసిన ఆ సినిమాలో యూదుడు అనే మాట ఒక్కసారి కూడా వినపడదు. నాన్ ఆర్యన్ అంటారు, అంతే. ఎందుకంటే 1930లంతా హాలీవుడ్ జర్మనీకి భయపడింది. లాస్ ఏంజెలెస్ లో గేయార్గ్ గిస్లింగ్ అని జర్మన్ కాన్సల్ ఒకడుండేవాడు, ఏ స్టూడియోలో ఏ స్క్రిప్టు నడుస్తోందో ఆరా తీసి ఉత్తరాలు రాసేవాడు, ఇది తీస్తే మీ సినిమాలు మా దేశంలో ఆడవు అని. ఇక్కడి సెన్సారు పెద్ద జోసెఫ్ బ్రీన్ కూడా జాగ్రత్త జాగ్రత్త అనేవాడు. పెద్ద స్టూడియోలు చాలావరకు మార్కెట్ పోతుందని సర్దుకున్నాయి, ఆ స్టూడియోలు నడిపేవాళ్ళలో ఎక్కువమంది యూదులే అయ్యుండి కూడా. వార్నర్ బ్రదర్స్ ముందే జర్మనీ నుంచి బయటికొచ్చేసి 1939లో కన్ఫెషన్స్ ఆఫ్ ఎ నాజీ స్పై తీసింది, పేరు పెట్టి నాజీ అన్న మొదటి పెద్ద స్టూడియో సినిమా అదే. మోర్టల్ స్టార్మ్ వచ్చాక దాన్ని తీసిన ఎమ్జీఎం స్టూడియో సినిమాలన్నీ జర్మనీలో నిషేధించారు. అంటే అన్నేళ్ళు మాట దాచుకుని కాపాడుకున్న మార్కెట్టు ఎలాగూ పోయింది.

2025లో ఇదంతా చదువుతుంటే పక్కన టీవీలో వార్తలు నడుస్తున్నాయి. జూలైలో పారామౌంట్ ఒక టీవీ ఇంటర్వ్యూ ఎడిటింగ్ మీద ట్రంప్ వేసిన దావాలో కోటి అరవై లక్షల డాలర్లకి రాజీ పడింది, అప్పటికి ఆ కంపెనీ అమ్మకానికి ప్రభుత్వ అనుమతి కావాలి. సెప్టెంబరులో ఎఫ్‌సీసీ (టీవీ, రేడియో స్టేషన్లకి లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ) ఛైర్మన్ హెచ్చరించినట్టు మాట్లాడిన రోజే ఏబీసీ ఛానెల్ జిమ్మీ కిమ్మెల్ కామెడీ షో ఆపేసింది, జనం గొడవ చేస్తే, సబ్‌స్క్రిప్షన్లు క్యాన్సిల్ చేస్తే వారం లోపే మళ్ళీ పెట్టారు. నేను మాత్రం ఆ రెండో వార్తలో వెనక్కి తగ్గడం కన్నా వెనక్కి రావడాన్ని గుర్తుపెట్టుకున్నా, ఎందుకంటే అది మామూలు జనం పని.

కాసబ్లాంకా (1942) గురించి అందరూ రాశారు, ప్రేమకథ వదిలేస్తా. నాకు కావాల్సింది ఆ పాట సీను ఒక్కటే. బార్లో జర్మన్ ఆఫీసర్లు పియానో చుట్టూ చేరి వాళ్ళ పాట పాడుతుంటారు, నాజీల నుంచి తప్పించుకొచ్చిన ఉద్యమ నాయకుడు లాస్లో వచ్చి బ్యాండు వాళ్ళని ఫ్రాన్స్ జాతీయగీతం వాయించమంటాడు, బార్లో అందరూ లేచి గొంతు కలుపుతారు, జర్మన్ల పాట మునిగిపోతుంది. అప్పటిదాకా జర్మన్ ఆఫీసరు చెయ్యి పట్టుకుని తిరిగిన ఇవాన్ అనే అమ్మాయి ఏడుస్తూ పాడుతుంది, కెమెరా దగ్గరగా వెళ్తుంది, ఆ కన్నీళ్ళు నిజం కన్నీళ్ళు. ఆ అమ్మాయి మడ్లెన్ లెబో, పారిస్ నుంచి నాజీలు రాకముందు భర్తతో పారిపోయి వచ్చింది, ఆ భర్త మార్సెల్ డాలియో కూడా ఇదే సినిమాలో జూదం బల్ల దగ్గర ఉంటాడు. సెట్లో ఉన్నవాళ్ళలో చాలామంది అలా వచ్చినవాళ్ళే. నాజీ మేజర్ వేషం వేసిన కాన్రాడ్ వైట్ భార్య యూదురాలు, 1933లోనే ఆమెతో జర్మనీ వదిలేశాడు. వెయిటర్ కార్ల్ వేషం వేసిన హంగేరీ నటుడు సకాల్ అక్కచెల్లెళ్ళు క్యాంపుల్లో పోయారు. డైరెక్టర్ మైకేల్ కర్టిజ్ ది కూడా బుడాపెస్ట్. ఆ సీను అంత బలంగా ఉండడానికి కారణం అది, వాళ్ళు పాడుతున్న రోజున పారిస్ ఇంకా నాజీల కిందే ఉంది, గెలుస్తామో లేదో ఎవరికీ తెలియదు.

కర్టిజ్ వాళ్ళ బుడాపెస్ట్ లోనే, మన కాలంలో, హంగేరీ నాయకుడు విక్టర్ ఓర్బాన్ 2010లో మళ్ళీ అధికారంలోకి వచ్చాక ఒక్కొక్కటీ మారుతూ వచ్చాయి. 2014లో మేం కడుతున్నది ఉదారవాద రాజ్యం కాదు అని ఆయనే బహిరంగంగా చెప్పాడు. 2016లో నేప్‌సబడ్‌షాగ్ అనే పెద్ద ప్రతిపక్ష పేపర్ రాత్రికి రాత్రి మూతపడింది. సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీ డిగ్రీ పాఠాలు బుడాపెస్ట్ నుంచి వియన్నాకి మార్చుకోవాల్సి వచ్చింది. అప్పుడు వియన్నా నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మనుషులు పారిపోతే, ఇప్పుడు ఒక యూనివర్సిటీ వియన్నాకి వచ్చి తలదాచుకుంది. ఎక్కడా ట్యాంకులు రాలేదు, కర్ఫ్యూ లేదు, అన్నీ చట్టం చేసి, ఓటేయించి, సంతకాలు పెట్టించి చేసినవే.

కాసబ్లాంకా రాసినవాళ్ళలో ఒకడైన హోవర్డ్ కోచ్ ని కూడా యుద్ధం అయ్యాక బ్లాక్‌లిస్టు చేశారు. కమిటీకి పేర్లు చెప్పినవాళ్ళలో ఆ సినిమా తీసిన స్టూడియో యజమాని జాక్ వార్నర్ కూడా ఉన్నాడు. నాజీల మీద అందరికన్నా ముందు సినిమా తీసిన వార్నర్! ఒకసారి ధైర్యం చూపిస్తే అది జీవితాంతం మనతో ఉండిపోదు, ప్రతిసారీ కొత్తగా తెచ్చుకోవాలి.

ఎ ఫేస్ ఇన్ ద క్రౌడ్ (1957) కూడా చూశా, దాని మీద నాకు కొంచెం పేచీ ఉంది. జైల్లో దొరికిన గిటార్ మనిషి లోన్సమ్ రోడ్స్ రేడియోలో, తర్వాత టీవీలో ఎదిగి ఎదిగి చివరికి సెనేటర్లకే పాఠాలు చెప్పే స్థాయికి వెళ్తాడు, ఆండీ గ్రిఫిత్ అదరగొట్టాడు, ఇప్పటి నాయకుల్ని చూసి రాసినట్టే ఉంటుంది. కానీ ముగింపులో మైకు ఆపేశారనుకుని వాడు జనాన్ని బుద్ధిలేనివాళ్ళు అని తిడుతుంటే, పాట్రీషియా నీల్ మైకు ఆన్ చేసేస్తుంది, దేశమంతా వింటుంది, ఒక్క రాత్రిలో వాడి పని అయిపోతుంది. నిజం బయటపడితే చాలు జనం మారిపోతారు అని 1957లో నమ్మారు. 2016 అక్టోబరులో ట్రంప్ ఆడవాళ్ళ గురించి మాట్లాడిన టేపు దేశమంతా విన్నది, నవంబరులో గెలిచాడు. ఫిలిప్పీన్స్ లో డుటెర్టే నేను మనుషుల్ని చంపాను అని తనే చెప్పుకున్నాడు. మైకు ఇప్పుడు ఎప్పుడూ ఆన్ లోనే ఉంది, వినపడకపోవడం సమస్య కాదు. ఈ సినిమా తీసిన ఎలియా కజాన్, రాసిన బడ్ షుల్‌బర్గ్ ఇద్దరూ కమిటీకి పేర్లు చెప్పినవాళ్ళే, అది తెలిసి చూస్తుంటే మనసు ఒకచోట నిలవదు. సినిమా గొప్పది, వాళ్ళు చేసింది తప్పు, నాకు రెండూ నిజమే.

అందుకే మా తమ్ముడికి ఏదన్నా చూపించాలనుకున్నప్పుడు అది వద్దనుకుని ద ఆక్స్‌బో ఇన్సిడెంట్ (1943) పెట్టా. గంటా పావు సినిమా. పశువులు కొట్టేసి ఒకణ్ణి చంపారని ముగ్గురు దారిన పోయేవాళ్ళని ఒక గుంపు పట్టుకుంటుంది, విచారణ లేకుండా ఉరితీద్దాం అంటారు. అందులో ఒక చోట ఓటింగు పెడతారు, వీళ్ళని కోర్టుకి అప్పగించాలి అనేవాళ్ళు ఇటు రండి అని. ఏడుగురు నడిచి వెళ్తారు, గుంపులో మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే. ఆ ఏడుగురిలో స్పార్క్స్ అనే నల్లజాతి మనిషి ఉన్నాడు, చిన్నప్పుడు సొంత అన్నదమ్ముణ్ణి గుంపు చంపుతుంటే కళ్ళారా చూసినవాడు, ఆ గుంపులో అందరికన్నా ప్రమాదంలో ఉన్నది ఆయనే, అయినా నడుస్తాడు. హెన్రీ ఫోండా కూడా నడుస్తాడు. ఫోండాకి పద్నాలుగేళ్ళప్పుడు, 1919లో, ఒమాహాలో విల్ బ్రౌన్ అనే నల్లజాతి మనిషిని గుంపు చంపుతుంటే వాళ్ళ నాన్నకున్న ప్రింటింగ్ ప్రెస్సు కిటికీలోంచి ఫోండా చూశాడు, జీవితాంతం మర్చిపోలేదు. సినిమాలో ఉరి ఆగదు. ఆ తర్వాత షెరీఫ్ వచ్చి, చచ్చాడనుకున్నవాడు బతికే ఉన్నాడు అని చెప్తాడు.

సినిమా అయ్యాక తమ్ముడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత అడిగాడు, "అక్కా, ఆ ఏడుగురు పక్కకెళ్ళినప్పుడు ఇంకో పదిమంది కాళ్ళు కదిపినట్టే కనిపించారు కదా, వాళ్ళెందుకు ఆగిపోయారు?" మళ్ళీ పెట్టి చూశాం. కాళ్ళు కదిపారో లేదో తేల్చుకోలేకపోయాం, కానీ పక్కవాడి మొహం వైపు చూసినవాళ్ళు మాత్రం ఉన్నారు, వాడేం చేస్తాడో చూసి చేద్దామని. ముందు ఎవరు కదిలారో చూడు అన్నా, అది పాజ్ చేసి చేసి చూశాడు. వచ్చే శనివారం రూమ్మేట్లని తీసుకొస్తానన్నాడు, మోర్టల్ స్టార్మ్ పెడతానని చెప్పా, ఐదుగురొస్తారట, గుత్తివంకాయ చెయ్యమన్నాడు.